కంచె, కావలి, కూలి: కణంలో కరెంటు కథ

ఈ.సి.జి. తీయించుకున్న ప్రతివారికీ ఒక సందేహం రావాలి. కాని చాలామందికి రాదు. ఛాతీమీద, కాళ్ళకు, చేతులకు తీగలు తగిలిస్తారు. ఆ తీగల్లోంచి మన ఒంట్లోకి కరెంటేమీ పంపరు. అయినా యంత్రంలోని కాగితంమీద గీత పైకీ కిందికీ లేస్తూనే ఉంటుంది. అంటే కరెంటు మన లోపలినుంచే బయటికి వస్తున్నదన్నమాట! మరి లోపల బ్యాటరీ ఎక్కడుంది? జింకు రేకు లేదు, రాగి కడ్డీ లేదు. ఉన్నదల్లా నీళ్ళు, ఉప్పులు, కొవ్వు, మాంసకృత్తులు. ఈ సరుకుతో కరెంటు ఎట్లా పుడుతుంది?

నేను వ్యవసాయ కుటుంబంలోంచి వచ్చి ఇక్కడ బి.ఎస్సీ. చదువుతున్నవాణ్ణి. ఈ ప్రశ్నకు జవాబు క్లాసులో విన్నప్పుడు, ఇది పరీక్షలో పది మార్కుల ప్రశ్న మాత్రమే కాదు, మా ఊరి సంగతి కూడా అనిపించింది. ఎందుకో ముందుముందు చెబుతాను. ఆర్ట్స్ కాలేజీ మిత్రులు కూడా పేజీ తిప్పెయ్యకుండా చదవాలని నా కోరిక. లెక్కలు ఒకటి రెండున్నాయి. వాటిని చూసి భయపడనక్కర్లేదు.

ఉప్పు రెండుగా విడిపోతే

చిటికెడు ఉప్పు నీళ్ళలో వేస్తే కరిగిపోయిందంటాం. నిజానికి అది రెండుగా విడిపోయింది. సోడియం ఒక ఎలక్ట్రానును పోగొట్టుకుని ధనావేశంతోనూ, క్లోరిన్ దాన్ని పుచ్చుకుని రుణావేశంతోనూ నీళ్ళలో తిరుగుతుంటాయి. ఇట్లా ఆవేశం ఉన్న పరమాణువులనే అయాన్లు అంటాం. ఇంట్లో తీగలో కరెంటు అంటే ఎలక్ట్రాన్ల ప్రయాణం. ఒంట్లో కరెంటు అంటే అయాన్ల ప్రయాణం. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే మిగతాది సులువు.

మన ఒంట్లోని ప్రతి కణం నీళ్ళలో మునిగి ఉంది. లోపలా నీళ్ళే, బయటా నీళ్ళే. కాని రెండిట్లో ఉప్పులు ఒకటి కాదు. కణం బయట లీటరుకు సుమారు 145 మిల్లీమోలుల సోడియం ఉంటుంది, పొటాషియం 4 మాత్రమే. కణం లోపల ఇది తలకిందులు. పొటాషియం 140 ప్రాంతంలో, సోడియం 12 ప్రాంతంలో ఉంటాయి. లోపల వీటికి జోడుగా రుణావేశం ఉన్న ప్రొటీన్లు, ఫాస్ఫేట్లు ఉన్నాయి. అవి పెద్దవి, బయటికి పోలేవు.

పొటాషియం పేరెత్తగానే మా నాయన “పొటాష్ సంచిలుంటదే, గదేనారా?” అన్నాడు. అదే. ఎరువుల దుకాణంలో ఎర్రగా దొరికే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడే. వరి మొక్కకు కావలసిందీ, మనిషి గుండెకు కావలసిందీ ఒకటే మూలకం. కాకపోతే మొక్కకు బస్తాల లెక్కన వేస్తాం, మనిషి రక్తంలో చిటికెడు అటూఇటూ అయినా ప్రాణం మీదికి వస్తుంది.

కంచె

మన క్యాంపస్ దాటితే తార్నాకా. రోజూ ఆ చౌరస్తాలో బస్సెక్కేవాళ్ళలో ఎంతమందికి ఆ పేరు సంగతి తెలుసో గాని, పెద్దలు చెప్పే మాట ఇది: నిజాం కాలంలో అక్కడ ఒక తోట చుట్టూ ఇనుప తీగ కంచె ఉండేదట. దాని దగ్గర ఒక కాపలా చౌకీ ఉండేదట. తీగను తార్ అంటారు, చౌకీని నాకా అంటారు గనుక అది తార్ నాకా అయి, తార్నాకాగా స్థిరపడిందట. కణం చుట్టూ ఉన్న పొరను వర్ణించడానికి ఇంతకన్నా మంచి పేరు నాకు దొరకలేదు. అదీ ఒక కంచె, దానికీ కాపలా చౌకీలున్నాయి.

ఆ పొర రెండు వరుసల కొవ్వు అణువులతో తయారైంది. దళసరి 7, 8 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక్కో ముక్క నానోమీటరు. ఇంత పలచటి పొరను అయాన్లు ఎందుకు దాటలేవు? వంటింట్లోనే జవాబుంది. ఉప్పు నూనెలో కరగదు. అయాను ఎప్పుడూ తన చుట్టూ నీటి అణువులను కప్పుకుని తిరుగుతుంది. ఆ దుప్పటి విడిచి కొవ్వులోకి దిగడం దానికి చేతకాదు. కాబట్టి కొవ్వు పొర అయాన్లకు కంచె.

కంచెలో అక్కడక్కడ ప్రొటీన్లతో చేసిన సన్నని సొరంగాలున్నాయి. ఇవే చౌకీలు. వీటి ప్రత్యేకత ఏమిటంటే ఒక్కో చౌకీ ఒక్కో అయానునే పోనిస్తుంది. విశ్రాంతిగా ఉన్న కణంలో ఎక్కువగా తెరిచి ఉండేవి పొటాషియం చౌకీలు. ఇక్కడ ఒక తమాషా ఉంది. సోడియం అయాను పొటాషియం కన్నా చిన్నది. పెద్దది పోయే దారిలో చిన్నది ఎందుకు పోదు? 1998లో అమెరికాలో రోడరిక్ మెకిన్నన్ బృందం ఒక బాక్టీరియాలోని పొటాషియం సొరంగం ఆకారాన్ని ఎక్స్ కిరణాలతో కనిపెట్టాక దీనికి జవాబు స్పష్టంగా తెలిసింది. సొరంగం గోడకు ఆక్సిజన్ పరమాణువులు వలయాలుగా అమర్చి ఉన్నాయి. పొటాషియం తన నీటి దుప్పటి విడిస్తే ఆ ఆక్సిజన్లు సరిగ్గా నీళ్ళ స్థానంలో అమరిపోతాయి. సోడియం చిన్నది కావడం వల్ల ఆ ఆక్సిజన్లు దానికి అందవు. అందుకని అది తన దుప్పటి విడవదు, లోపలికి రాదు. కొలతకు కుట్టిన చొక్కా చిన్నవాడికి వదులైనట్టన్నమాట. ఈ పనికి 2003లో మెకిన్ననుకు నోబెల్ బహుమానం వచ్చింది.

వోల్టులు ఎట్లా పుడతాయి?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒక తొట్టి మధ్యలో పొర కట్టి, ఎడమవైపు పొటాషియం క్లోరైడును చిక్కగా, కుడివైపు పలచగా పోశామనుకోండి. ఆ పొర పొటాషియాన్ని మాత్రమే పోనిస్తుంది. మొదట రెండు వైపులా ధనావేశమూ రుణావేశమూ సమానమే. ఎక్కడా వోల్టు లేదు.

చిక్కన ఉన్నచోటినుంచి పలచన ఉన్నచోటికి పోవడం కరిగిన వస్తువు స్వభావం. మీది మడిలోంచి కింది మడిలోకి గండిద్వారా నీళ్ళు దిగినట్టు, పొటాషియం ఎడమనుంచి కుడికి దిగుతుంది. కాని అది ఒంటరిగా పోవలసిందే, జోడీ అయిన క్లోరైడుకు దారి లేదు. పొటాషియం తనతో ధనావేశాన్ని మోసుకుపోతుంది. వెనక జోడీ లేని రుణావేశం మిగులుతుంది. నాలుగు అయాన్లు పోయేసరికి కుడివైపు కాస్త ధనం, ఎడమవైపు కాస్త రుణం. ఆ రుణావేశం ఇంకా పోబోయే పొటాషియాన్ని వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. ఎన్ని పోతే లాగుడు అంత పెరుగుతుంది. ఒక స్థితిలో గాఢత తోసే తోపుడూ, ఆవేశం లాగే లాగుడూ సరిసమానమవుతాయి. ఆ తరువాత ఎన్ని అయాన్లు బయటికి పోతే అన్నే లోపలికి వస్తాయి. అప్పుడు పొరకు అటూఇటూ నిలిచి ఉన్న వోల్టుల తేడానే పొటెన్షియల్ అంటాం.

ఆ తేడా ఎంతో లెక్కకట్టే సూత్రాన్ని జర్మన్ శాస్త్రజ్ఞుడు వాల్థర్ నెర్న్‌స్ట్ 1889లో ప్రకటించాడు. బ్యాటరీల కోసం పుట్టిన ఆ సూత్రాన్ని 1902లో జూలియస్ బెర్న్‌స్టయిన్ జీవకణానికి అన్వయించాడు. మన శరీర ఉష్ణోగ్రత దగ్గర అది చాలా తేలిక. లోపలి పొటాషియాన్ని బయటి పొటాషియంతో భాగించి, లాగరిథం తీసి, 61.5తో గుణిస్తే మిల్లీవోల్టులు వస్తాయి. 140ని 4తో భాగిస్తే 35. దాని లాగరిథం 1.544. గుణిస్తే 95. లోపల రుణం కాబట్టి మైనస్ 95 మిల్లీవోల్టులు. నిజమైన కండర కణంలో సూది దించి కొలిస్తే మైనస్ 90 దాకా, నాడీకణంలో మైనస్ 70 దాకా వస్తుంది. ఆ కాస్త తేడా ఎందుకంటే, కంచెలో సోడియానికి కూడా చిన్న చిన్న కంతలున్నాయి. బయటినుంచి సోడియం కొంచెం కొంచెం లోపలికి కారుతూ రుణాన్ని తగ్గిస్తుంటుంది.

ఈ వోల్టుల కోసం ఎన్ని అయాన్లు బయటికి పోవాలి? ఒక మిల్లీమీటరులో యాభయ్యో వంతు వ్యాసం ఉన్న గుండ్రని కణాన్ని తీసుకుని నేను లెక్క వేశాను. అందులో సుమారు 35 వేల కోట్ల పొటాషియం అయాన్లున్నాయి. 70 మిల్లీవోల్టుల కోసం బయటికి పోవలసినవి 55 లక్షలు. అంటే 64 వేలల్లో ఒక్కటి! లోపలి ఉప్పు తగ్గిందని ఏ రసాయన పరీక్షా పట్టలేదు. కాని కరెంటు మాత్రం పుట్టేసింది.

70 మిల్లీవోల్టులంటే టార్చిలైటు సెల్లులో ఇరవయ్యో వంతయినా లేదు గదా అనుకోవద్దు. అది నిలిచిన పొర దళసరి 7 నానోమీటర్లే. మీటరుకు ఎంత అని లెక్కకడితే కోటి వోల్టులు. గాలిలో నిప్పురవ్వ ఎగరాలంటే మీటరుకు సుమారు 30 లక్షల వోల్టులు చాలు. మన ప్రతి కణం అంతకు మూడింతల ఒత్తిడిని చప్పుడు లేకుండా మోస్తున్నది.

కావలి

ఇంతవరకు చెప్పింది నిలవ ఉన్న కరెంటు. అది కబురుగా ఎట్లా నడుస్తుంది? నరంలో సోడియానికి వేరే చౌకీలున్నాయి. అవి మామూలుగా మూసి ఉంటాయి. లోపలి వోల్టు మైనస్ 70 నుంచి మైనస్ 55 దాకా ఎక్కితే చాలు, తలుపులు తటాలున తెరుచుకుంటాయి. బయట కాచుకుని ఉన్న సోడియం ఒక్కుమ్మడిగా లోపలికి దూకుతుంది. లోపలి రుణం పోయి, క్షణంలో ధనం 30, 40 మిల్లీవోల్టులకు చేరుతుంది. వెంటనే సోడియం తలుపులు పడిపోతాయి, పొటాషియం తలుపులు ఇంకా తెరుచుకుంటాయి, పొటాషియం బయటికి పోయి వోల్టు మళ్ళీ కిందికి దిగుతుంది. మొత్తం తతంగం సెకనులో వెయ్యో వంతు, రెండు వంతులు. ఈలోగా పక్కనున్న తలుపులకు ఆ కుదుపు తగిలి అవి తెరుచుకుంటాయి. ఇట్లా కట్టు తెగిన కాలువలాగా కబురు నరం పొడుగునా పోతుంది. కాలి వేలికి ముల్లు గుచ్చుకుంటే అబ్బా అనేది ఇందువల్లనే.

దీన్ని తేల్చినవారు కేంబ్రిడ్జిలోని అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ. సముద్రంలో ఉండే స్క్విడ్ అనే జంతువు నరాల్లో ఒకటి కంటికి కనిపించేంత లావు, అర మిల్లీమీటరు పైనే. వారు 1939లో దానిలోపలికి సన్నని ఎలక్ట్రోడు దించి కొలిచారు. ఆ వెంటనే రెండో ప్రపంచయుద్ధం వచ్చి పని ఆగిపోయింది. యుద్ధం ముగిశాక మళ్ళీ మొదలుపెట్టి 1952లో పూర్తి సిద్ధాంతం ప్రకటించారు. విశ్వవిద్యాలయపు కంప్యూటరు అందుబాటులో లేకపోతే, హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రం పట్టుకుని ఆ సమీకరణాలను వారాల తరబడి సాధించాడు. 1963లో వారిద్దరికీ, మరొక శాస్త్రజ్ఞుడు జాన్ ఎక్లిస్‌కూ కలిపి నోబెల్ వచ్చింది. ల్యాబులో పరికరాలు లేవని మనం మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది. పరికరాలు అడగడం మానమని కాదు.

కూలి

ఇంకొక ప్రశ్న మిగిలింది. సోడియం లోపలికి కారుతూనే ఉంది, పొటాషియం బయటికి పోతూనే ఉంది. కొన్నాళ్ళకు రెండు వైపులా ఒకటైపోవాలి గదా? ఎవరో నిలబడి లోపలికి వచ్చిన సోడియాన్ని బయట పోస్తూ, పోయిన పొటాషియాన్ని లోపలికి తెస్తూ ఉంటే తప్ప ఈ తేడా నిలవదు. ఆ ‘ఎవరో’ కూడా ఒక ప్రొటీనే. 1957లో డెన్మార్కుకు చెందిన యెన్స్ స్కౌ పీత నరాల్లో దాన్ని కనిపెట్టాడు. నలభై ఏళ్ళ తరువాత 1997లో ఆయనకు నోబెల్ బహుమానంలో భాగం దక్కింది. సోడియం–పొటాషియం పంపు అని దాని పేరు. ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయట పోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తోడుతుంది.

ఇది ఎత్తుకు నీళ్ళు తోడే పని. ఊరికే ఎవరు చేస్తారు? విడతకు ఒక ఏటీపీ అణువు కూలి. మనం కదలకుండా పడుకున్నప్పుడు కూడా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో అయిదో వంతు, నాలుగో వంతు ఈ పంపుల కూలికే పోతుంది. మెదడులో అయితే సగం దాకా. మనం తినే జొన్నరొట్టెలో, అన్నంలో కొంత భాగం అచ్చంగా ఉప్పు తోడడానికే ఖర్చవుతున్నదన్నమాట.

ఆ ఏటీపీని మొదట కనుగొన్నవారిలో ఒకరు మన తెలుగువాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. పేదరికంలో చదివి, బోస్టన్ చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కెతో కలిసి కండరాల్లోని ఫాస్ఫరస్ సంగతి పట్టుకున్నాడు. 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. ఏటీపీ విరిగితే ఫాస్ఫేటు విడుదలవుతుంది. దాన్ని నీలిరంగుగా మార్చి కొలిచే ఫిస్కె–సుబ్బారావు పద్ధతి బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్సులో విద్యార్థులు ఇప్పటికీ చేసేదే. ఆ నీలిరంగు చూసేటప్పుడు, అది ఒకనాటి కణం కూలి లెక్క అని తెలిసి చూస్తే వేరే సంతోషం.

పంపు ఆగితే ఏమవుతుందో పల్లెటూళ్ళ వాళ్ళకు పేరు తెలియకుండానే తెలుసు. గన్నేరు ఆకు మేసిన పశువు బతకడం కష్టం. గన్నేరులోని విషం సరిగ్గా ఈ పంపుకే అడ్డం పడుతుంది. పంపు ఆగితే పొటాషియం బయటే మిగులుతుంది, సోడియం లోపల పేరుతుంది, గుండె లయ తప్పుతుంది. గన్నేరును కంచెకు నాటుతారు గాని పశువు దాని జోలికి పోకుండా చూసుకుంటారు. ఆ జాగ్రత్త వెనక ఉన్న కారణం ఇది.

ఒక పసివాడి రక్తంలో 2.1

ఇది మా ఊరి సంగతి కూడా అని మొదట్లో అన్నాను. రెండేళ్ళ కింద వానకాలంలో మా చిన్నమ్మ కొడుకుకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వాడికి మూడేళ్ళు. ఇంట్లో ముసలివాళ్ళు “నీళ్ళు తాపితే ఇంకింత పోతది” అని గుక్కెడు నీళ్ళు కూడా పోయనియ్యలేదు. రెండో రోజు దగ్గరి ఊరినుంచి ఒక డాక్టరును పిలిపిస్తే గ్లూకోజు బాటిలు ఎక్కించాడు. విరేచనాలు తగ్గాయి. అందరం ఊపిరి పీల్చుకున్నాం. కాని తెల్లారి చూస్తే పిల్లవాడు మెడ నిలపడం లేదు. కాళ్ళు ఎత్తడం లేదు. కడుపు ఉబ్బింది. గాలి సోకిందన్నారు, దిష్టి అన్నారు. చిన్నమ్మ ఏడుపు చూడలేక మా నాయన ట్రాక్టరు కట్టి పట్నం ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ రక్తపరీక్ష చేసి చెప్పిన అంకె 2.1. పొటాషియం. ఉండవలసింది 3.5 నుంచి 5 దాకా.

సెలైనులో పొటాషియం కలిపి, గుండెను కనిపెట్టుకుంటూ, చాలా నెమ్మదిగా ఎక్కించారు. మూడో నాడు వాడు లేచి కూర్చుని బిస్కెట్టు అడిగాడు. ఇప్పుడు అంగన్‌వాడీకి పరుగెత్తుకుంటూ పోతున్నాడు.

ఆ 2.1ని ఇందాకటి సూత్రంలో పెట్టి చూడండి. 140ని 2.1తో భాగిస్తే 66.7. లాగరిథం తీసి 61.5తో గుణిస్తే 112. మైనస్ 95 ఉండవలసింది మైనస్ 112 వైపు జారిందన్నమాట. నిజమైన కణంలో అంకె కొంచెం తేడాగా ఉండవచ్చు గాని దిశ మాత్రం అదే. సోడియం తలుపు తెరుచుకునే గడప మైనస్ 55 దగ్గరే ఉండిపోయింది, కండరం మాత్రం లోతుకు దిగిపోయింది. మెదడు కాలెత్తమని కబురు పంపినా ఆ గడప అందదు. అందుకే వాడి కాళ్ళు లేవలేదు. పేగు కూడా కండరమే, అది కదలక కడుపు ఉబ్బింది. విరేచనాల్లో పొటాషియం పోయింది. వట్టి గ్లూకోజు ఎక్కిస్తే ఇన్సులిన్ ఊరి, ఆ ఇన్సులిన్ పంపులను ఇంకా జోరుగా తిప్పి, రక్తంలో మిగిలిన కాస్త పొటాషియాన్నీ కణాల్లోకి తోడేసింది. ఇందులో గాలీ లేదు, దిష్టీ లేదు. గ్లూకోజు చెడ్డదీ కాదు. పోయిన ఉప్పులు తిరిగి పోయకపోవడమే లోపం.

ఇక నెమ్మదిగా ఎందుకు ఎక్కించారు? పొటాషియం 8కి పెరిగితే అదే సూత్రం మైనస్ 76 చూపిస్తుంది. కణం గడపకు మరీ దగ్గరగా వచ్చేస్తుంది. అట్లా ఉండిపోతే సోడియం తలుపులు మూతపడి మళ్ళీ తెరుచుకోలేవు. గుండె ఆగిపోవచ్చు. తక్కువైతే ఒక ప్రమాదం, ఎక్కువైతే ఇంకొక ప్రమాదం. ఈ మందు డాక్టరు చేతిలోనే ఉండాలి.

కాని మొదటి రోజే ఆ స్థితి రాకుండా చేసే మందు చాలా చవక. విరేచనాలప్పుడు కూడా పేగు గోడలో ఒక చౌకీ చెడకుండా ఉంటుంది. దానిగుండా గ్లూకోజూ సోడియమూ జతగా లోపలికి వస్తాయి. ఒంటరిగా ఏదీ రాదు. 1960లో రాబర్ట్ క్రేన్ ఈ సంగతి చెప్పాడు. లోపల రుణం ఉండటం వల్ల ధనావేశమున్న సోడియం లాగబడుతుంది, అది గ్లూకోజును చెయ్యి పట్టుకుని తెస్తుంది, వాటి వెంట నీళ్ళు వస్తాయి. కణం కరెంటే పిల్లవాడికి నీళ్ళు తాగిస్తుందన్నమాట. ఉప్పూ చక్కెరా కలిసి ఉండాలనడానికి కారణం ఇదే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధపు శరణార్థుల శిబిరాల్లో కలరా వ్యాపించినప్పుడు, సెలైను బాటిళ్ళు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఈ నీళ్ళు కలిపి తాగించి వేలమందిని బతికించారు. 2002నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న పాళ్ళు, లీటరు నీటికి: గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, సోడియం సిట్రేటు 2.9, పొటాషియం క్లోరైడు 1.5. చూశారా, మా నాయన పొటాష్ ఇందులో కూడా ఉంది. మందుకు వాడేంత శుద్ధి చేసినది, కొలతగా. సంచిలోది కాదు సుమా!

తార్నాకాలో ఒక పప్పు కథ

కావలి చెడితే ఏమవుతుందో చెప్పే కథ మన పక్కనే జరిగింది. తార్నాకాలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదు వచ్చి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. అంతకుముందు దాని పేరు న్యూట్రిషన్ రిసెర్చి లేబరేటరీస్.

మధ్యప్రదేశ్‌లోని రీవా ప్రాంతంలో కట్టుబానిస కూలీలకు కూలికి బదులు కేసరి పప్పు కొలిచేవారు. కరువులో కూడా పండే పప్పు అది. నెలల తరబడి అదే తిన్నవారిలో కొందరికి కాళ్ళు బిగుసుకుపోయి, కర్ర లేకుండా నడవలేని స్థితి వచ్చేది. వచ్చిన అవిటితనం మళ్ళీ పోదు. ఆ పప్పులోని విషాన్ని 1964లో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మ విడదీశారు. రావు గారు తరువాత మన ఉస్మానియాలోనే ఆచార్యులుగా పనిచేశారు. నరాల మధ్య కబురు చేరవేసే గ్లూటమేట్ అనే పదార్థానికి ఈ విషం మారువేషం వంటిది. నరంమీది చౌకీ దీన్ని చూసి తనవాడే అనుకుని తలుపు తీస్తుంది. గ్లూటమేట్ అయితే వెంటనే వెళ్ళిపోతుంది, ఇది పదే పదే తలుపు తీయిస్తుంది. సోడియం, కాల్షియం చొరబడి చివరికి ఆ నాడీకణమే చచ్చిపోతుంది.

1966లో తార్నాకాలోని శాస్త్రజ్ఞులు మోహన్, నాగరాజన్, గోపాలన్ ప్రకటించిన మార్గం ఎంత మామూలుదో చూడండి. ఆ విషం నీళ్ళలో కరుగుతుంది. పప్పును వేడినీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే విషం చాలా భాగం పోతుంది. ఏ గుడిసెలోనైనా చెయ్యగల పని. నా దృష్టిలో ఇది గొప్ప శాస్త్రం. అయితే రెండో మాట కూడా చెప్పాలి. కూలికి ధాన్యం సరిగ్గా కొలిచి ఉంటే ఆ మనిషి ఆ పప్పే తిని బతకవలసిన అవసరం ఉండేది కాదు. అది పారబోయవలసిన నీళ్ళు కావు, మారవలసిన పద్ధతి.

సమానమైతే మరణం

మనం యూనియన్ సభల్లో సమానత్వం గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడాలి కూడా. కాని కణంలో సంగతి వేరు. లోపలి సోడియం, బయటి సోడియం సమానమైన రోజు ఆ కణం చచ్చిందని అర్థం. జీవమంటే నిలిచిపోయిన సమతౌల్యం కాదు, ప్రతి క్షణం కూలి ఇచ్చి నిలబెట్టుకునే తేడా. కంచె ఒక్కటే ఉంటే చాలదు. చౌకీలో కావలి సరిగ్గా ఉండాలి. పంపుకు కూలి అందాలి. మూడింటిలో ఏది తప్పినా నిమిషాల్లోనో, నెలల్లోనో ప్రాణమో కాలో పోతుంది.

ఇంత చదివినవారికి నా మనవి ఒకటే. మనలో సగం మందిమి పల్లెలనుంచి వచ్చినవాళ్ళం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు నెర్న్‌స్ట్ పేరు చెప్పనక్కర్లేదు. విరేచనాలు పట్టుకున్న పిల్లకు నీళ్ళు ఆపవద్దని చెప్పండి. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టును అది చెప్పినన్ని నీళ్ళలోనే, ఎక్కువా తక్కువా కాకుండా కలపమనండి. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టిన కొలతగా. ఉప్పు వేసిన గంజి, పలచటి మజ్జిగ ఉండనే ఉన్నాయి. పొటాషియం కోసం వీలైతే కొబ్బరినీళ్ళు కూడా. పిల్ల మెడ వాల్చినా, మూత్రం ఆగినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకుపొమ్మనండి. “ఎందుకురా?” అని ఎవరైనా అడిగితే, అప్పుడు తొట్టి, పొర, పొటాష్ సంచి కథ మొదలుపెట్టండి. మా నాయన పూర్తిగా విన్నాడు. మీవాళ్ళూ వింటారు.